ఊరట ఖరీదు ఇరవయ్యారు వాయిదాలు

తెలుగు పత్రికల శీర్షికల్లో 'ఊరట' అనే మాటకి చాలా గిరాకీ. మూడే అక్షరాలు, ఎక్కడైనా ఇముడుతుంది. హైకోర్టులో ఫలానా నాయకుడికి ఊరట, ఎండల నుంచి ఊరట, టమాటా ధరల్లో ఊరట. 2020 మార్చి చివర్లో ఇంటి అప్పు కట్టేవాళ్ళకి కూడా ఆ మాట దక్కింది. మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలల మారటోరియం ప్రకటించింది. మే నెలలో దాన్ని ఇంకో మూడు నెలలు, అంటే ఆగస్టు 31 దాకా పొడిగించింది. ఈఎమ్‌ఐ కట్టకపోయినా ఎవరూ ఫోన్ చెయ్యరు, సిబిల్ స్కోరు పడిపోదు, ఖాతా మొండిబాకీ కాదు. ఊరటే కదా మరి అంటారా? ఈ వ్యాసం ఆ 'కదా మరి' మీదే.

లెక్క వేసి చూద్దాం. 30 లక్షల అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్ళు. నెలకి 25,093 రూపాయల చొప్పున 240 వాయిదాలు. అప్పు తీసుకున్న కొత్తలోనే ఈ ఆరు నెలలూ వచ్చాయనుకుందాం. ఆరు నెలలు కట్టలేదు. ఆ ఆరు నెలల వడ్డీ, సుమారు 1,22,000, అసలుకి కలిసింది. ఇప్పుడు అసలు 31 లక్షల 22 వేలు. ఈఎమ్‌ఐ మార్చకుండా అదే 25,093 కడుతూ పోతే ఎన్నాళ్ళకి తీరుతుంది? 266 నెలలకి. ఆరు వాయిదాలు ఆపినందుకు 26 వాయిదాలు ఎక్కువ కట్టాలి. రూపాయల్లో ఆరున్నర లక్షలు. నా మాట నమ్మక్కర్లేదు, ఎక్సెల్‌లో రెండు నిమిషాల పని. స్టేట్ బ్యాంకు వాళ్ళు కూడా అప్పట్లో తమ వెబ్‌సైటులో నిజాయితీగానే ఒక ఉదాహరణ పెట్టారు: 30 లక్షల అప్పు, ఇంకా 15 ఏళ్ళు మిగిలి ఉంది, మూడు నెలలు ఆపితే అదనపు వడ్డీ 2.34 లక్షలు, అంటే ఎనిమిది ఈఎమ్‌ఐలు. మూడుకి ఎనిమిది.

ఇక్కడ ఫైనాన్స్ చదువుకున్న మిత్రులు అడ్డం వస్తారు. "నువ్వు కట్టని ఆ లక్షన్నరా నీ దగ్గరే ఉందిగా, అదెక్కడైనా 8 శాతానికి పెట్టుకో, లెక్క సరిపోతుంది" అంటారు. కాగితం మీద సరిపోతుంది. జీతం ఆగిపోయినవాడు ఆ లక్షన్నరని ఎక్కడా పెట్టలేదు. బియ్యం కొన్నాడు, పిల్లల ఫీజు కట్టాడు, ఆసుపత్రి బిల్లు కట్టాడు. పెట్టుబడి పెట్టుకోగలిగినవాడికి మారటోరియం అక్కర్లేదు. అక్కరున్నవాడు పెట్టుబడి పెట్టలేడు. ఇంత చిన్న విషయం పట్టని సిద్ధాంతాన్ని నేను గౌరవించలేను.

సరిగ్గా అదే రోజు, 2020 మార్చి 27నే, వాషింగ్టన్‌లో కేర్స్ చట్టం మీద సంతకం పడింది. అందులో ఇంటి అప్పుల గురించి ఒక ఏర్పాటు ఉంది. ఫెడరల్ ప్రభుత్వ దన్ను ఉన్న గృహరుణం తీసుకున్నవాళ్ళు, కోవిడ్ వల్ల ఇబ్బంది అని అడిగితే చాలు, 180 రోజులు కట్టక్కర్లేదు. అడిగితే ఇంకో 180 రోజులు. ఆ కాలంలో, నెలనెలా సరిగ్గా కట్టి ఉంటే ఎంత వడ్డీ అయ్యేదో అంతే వేయాలి, అంతకుమించి పైసా వేయకూడదు, జరిమానా వేయకూడదు. ఆ తరవాత ఫానీ మే, ఫ్రెడీ మాక్ సంస్థలు తమ చేతిలో ఉన్న అప్పులకి ఇంకో దారి చూపించాయి. కట్టని వాయిదాలన్నిటినీ తీసుకెళ్ళి అప్పు చివర్లో పెట్టడం, వాటి మీద వడ్డీ లేకుండా. ఇల్లు అమ్మినప్పుడో అప్పు తీరినప్పుడో కట్టుకోవచ్చు. మన లెక్కలోకి మారిస్తే ఆ మనిషి కట్టేది 240 వాయిదాలే, అందులో ఆరు చివరికి జరిగాయి. ఒక్కటీ ఎక్కువ కాదు.

ఒకే రోజు, ఒకే జబ్బు, ఒకే రకం అప్పు. అక్కడ 240, ఇక్కడ 266.

అమెరికాని నెత్తిన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. 2008లో ఇళ్ళు పోగొట్టుకున్న లక్షల కుటుంబాలకి ఆ ప్రభుత్వం చేసిన సాయం ఎంత అరకొరో అక్కడివాళ్ళే పుస్తకాలు పుస్తకాలుగా రాశారు. 1933లో రూజ్వెల్టు కాలంలో పెట్టిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ సుమారు పది లక్షల ఇళ్ళ అప్పుల్ని తన మీద వేసుకుంది నిజమే. అదే సంస్థ పేటల్ని రంగులతో గుర్తు పెట్టి, నల్లవాళ్ళుండే పేటలకి ఎర్ర రంగు వేసిందన్నదీ అంతే నిజం. 2021 మార్చిలో పెట్టిన హోమ్ ఓనర్ అసిస్టెన్స్ ఫండ్, దాదాపు 1,000 కోట్ల డాలర్లది, పాత బాకీల్ని నేరుగా బ్యాంకుకే కట్టింది. చాలా రాష్ట్రాల్లో అది తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు. కానీ దరఖాస్తుకి కావలసిన కాగితాల కట్టలూ, ఆలస్యాలూ, డబ్బు అయిపోగానే మూసేసిన పోర్టళ్ళూ అందులోనూ ఉన్నాయి. అయినా ఒక విషయం ఒప్పుకోవాలి. ఇల్లున్నవాడికి కష్టం వస్తుందనీ, ఆ కష్టం ఖరీదులో కొంత ప్రభుత్వం మొయ్యాలనీ అక్కడ చట్టంలో రాసుకున్నారు. మన దగ్గర ఆ వాక్యం లేదు.

లేదంటే లేదు, కానీ ఉన్నట్టు నటించారు. ఆగ్రాలో కళ్ళజోళ్ళ వ్యాపారి ఒకాయన సుప్రీంకోర్టుకి వెళ్ళి, ఊరట అన్నాక మళ్ళీ వడ్డీ ఏంటి అని అడిగాడు. కేసు నడిచింది. కోర్టు గట్టిగా అడిగేసరికి 2020 అక్టోబరులో కేంద్రం ఒక పథకం ప్రకటించింది. రెండు కోట్ల లోపు అప్పులకి, ఆ ఆరు నెలల చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య తేడాని ప్రభుత్వమే కడుతుంది. దీనికి అయిన ఖర్చు సుమారు 6,500 కోట్లు. వినడానికి పెద్ద అంకె. మన 30 లక్షల మనిషికి అందులోంచి ఎంత వస్తుంది? బారువడ్డీ 1,20,000. చక్రవడ్డీ 1,22,018. తేడా 2,018 రూపాయలు. ఆరున్నర లక్షల భారానికి రెండువేల పద్దెనిమిది. ఇంకో తమాషా ఏమిటంటే మారటోరియం అస్సలు వాడుకోకుండా నెలనెలా కట్టినవాళ్ళకి కూడా ఈ తేడా ఇచ్చారు. మరి ఎవరికి ఇవ్వలేదు? 2020 ఫిబ్రవరి 29 నాటికే ఖాతా మొండిబాకీ అయిపోయినవాళ్ళకి. అంటే అందరికన్నా ముందే మునిగినవాడికి. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తుది తీర్పు ఇస్తూ, వడ్డీ మీద వడ్డీ ఎవరికీ వెయ్యొద్దంది గానీ వడ్డీ పూర్తిగా మాఫీ చెయ్యమనడం తమ పని కాదంది. నిజమే, అది కోర్టు పని కాదు. చెయ్యాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

ప్రభుత్వం ఇంటివాళ్ళకి ఏమీ చెయ్యడం లేదంటే మాత్రం అన్యాయం. చేస్తోంది, గుమ్మం దగ్గర. మన రాజకీయ భాషలో అరిగిపోయిన 'సొంతింటి కల' అనే మాటని గమనించండి. కల అన్నాక అది కనడం ఉంటుంది, నెరవేరడం ఉంటుంది. నెరవేరిన మర్నాడు ఏమవుతుందో ఆ మాటకి తెలీదు. పథకాలూ అలాగే ఉన్నాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇల్లు కొనుక్కునే రోజున 2.67 లక్షల దాకా వడ్డీ రాయితీ ఇచ్చారు. 2024లో మొదలైన రెండో విడతలో అది 1.80 లక్షలు, ఐదేళ్ళలో ఇస్తారు. పునాదికి డబ్బు, స్లాబుకి డబ్బు, గృహప్రవేశానికి ఎమ్మెల్యే. రిబ్బను కత్తిరించడానికి వచ్చినవాళ్ళు ఏడో ఏట వచ్చిన బ్యాంకు నోటీసు చదవడానికి రారు.

మధ్యతరగతికి దక్కే అసలు రాయితీ వేరే ఉంది. 1961 ఆదాయపన్ను చట్టంలోని సెక్షన్ 24(బి). పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఇంటి అప్పు మీద కట్టే వడ్డీలో ఏడాదికి రెండు లక్షల దాకా పన్ను లెక్కలోంచి తీసేస్తారు. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి, సెస్సుతో కలిపి, ఏడాదికి 62,400 రూపాయలు మిగులు. దీన్ని ఎవరూ మాఫీ అనరు. 'ట్యాక్స్ ప్లానింగ్' అంటారు, మార్చి నెలలో క్యాంటీన్‌లో చర్చించుకుంటారు. ఇదే మనిషికి ఉద్యోగం పోయిందనుకోండి. ఆదాయం లేదు, పన్ను లేదు, కాబట్టి మినహాయింపు విలువ సున్నా. జీతం వస్తున్నంత కాలం ప్రభుత్వం ఆ ఇంటికి తోడుగా ఉంది. జీతం ఆగిన నెల నుంచి తప్పుకుంది. గొడుగు ఇచ్చి, వాన మొదలవగానే వెనక్కి తీసుకున్నట్టు. పైగా 2019 బడ్జెట్ నుంచి, అద్దెకివ్వకుండా సొంతానికి ఉంచుకున్న రెండో ఇంటి మీద కూడా ఊహా అద్దెకి పన్ను లేదు. రెండిళ్ళవాడి సౌకర్యం గురించి బడ్జెట్‌లో ఆలోచించారు. ఒక్క ఇల్లూ జారిపోతున్నవాడి గురించి అదే బడ్జెట్‌లో ఏముందో వెతికి చూడండి.

నా అసలు కోపం ఇక్కడుంది కాబట్టి ఒక అంకె మళ్ళీ చెబుతాను. 30 లక్షల అప్పు మీద ఆరు నెలల వడ్డీ మొత్తం 1,20,000. బాగా సంపాదిస్తున్నవాడికి రెండేళ్ళలో ఇచ్చే పన్ను రాయితీ 1,24,800. పచ్చగా ఉన్నవాడికి రెండేళ్ళలో ఇచ్చే డబ్బుతో, ఎండిపోయినవాడి ఆరు నెలల వడ్డీ మొత్తాన్ని కట్టెయ్యొచ్చు. డబ్బు లేక కాదన్నమాట.

కోవిడ్ ప్రత్యేక పరిస్థితి, ఇప్పుడెందుకు ఆ గొడవ అంటే, కోవిడ్ లేని కాలంలో ఆ మాత్రం ఊరట కూడా లేదు కాబట్టి. 2023లో నా మిత్రుడొకడికి, నాలాగే సాఫ్ట్‌వేరు ఉద్యోగి, లేఆఫ్ అయింది. చేతిలో నాలుగు నెలలకి సరిపడా డబ్బుంది. బుద్ధిమంతుడు కదా, డబ్బు అయిపోకముందే బ్యాంకుకి వెళ్ళి, కొన్నాళ్ళు ఈఎమ్‌ఐ తగ్గించమని అడిగాడు. "మీ ఖాతా బాగానే ఉంది కదండీ, ఇప్పుడేం చెయ్యలేం. కట్టడం ఆగితే అప్పుడు చూద్దాం" అన్నారట. ఆ ఆఫీసరు దుర్మార్గుడేం కాదు. రిజర్వు బ్యాంకు మామూలు నిబంధనల ప్రకారం, ఇబ్బందుల్లో ఉన్న మనిషి అప్పుని బ్యాంకు సడలిస్తే ఆ ఖాతాని అప్పటికప్పుడు మొండిబాకీ కింద దించాలి, దానికి తన లాభంలోంచి డబ్బు పక్కన పెట్టాలి. సాయం చేసిన బ్యాంకుకి జరిమానా లాంటిది. చెయ్యకుండా ఊరుకుంటే కనీసం 90 రోజులు ఏ ఇబ్బందీ లేదు. 90 రోజులు దాటాక 2002 నాటి సర్ఫేసీ చట్టం ఉంది. 60 రోజుల నోటీసు, ఆపైన స్వాధీనం, ఆపైన పేపర్లో వేలం ప్రకటన. జబ్బు ముదిరితే తప్ప ఆసుపత్రిలో చేర్చుకోం, ముదిరాక మాత్రం నేరుగా పోస్టుమార్టం అన్నట్టుంది ఈ వరస.

నిరుద్యోగ భృతి లేదా అంటారేమో. ఉంది, ఈఎస్‌ఐ వాళ్ళ అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. సగటు జీతంలో సగం, 90 రోజులు. ఈఎస్‌ఐలో ఉండాలంటే జీతం 21,000 లోపు ఉండాలి. ఆ జీతానికి హైదరాబాదులో ఇంటి అప్పు ఇచ్చే బ్యాంకు ఉంటే చెప్పండి. 2020లో ఇంకో 'సాయం' కూడా ప్రకటించారు, మన పీఎఫ్ డబ్బు మనం తీసుకోవచ్చని. దాన్ని కూడా ప్యాకేజీలో కలిపి చదివారు.

ఇప్పుడు నాకు రెండువైపుల నుంచీ వచ్చే దెబ్బల సంగతి.

మొదటిది మా సాఫ్ట్‌వేరు వాళ్ళ నుంచే. "ఎవడు కొనమన్నాడు? స్తోమత లేనివాడికి ఇల్లెందుకు? ఇవాళ మాఫీ చేస్తే రేపు అందరూ ఎగ్గొడతారు." ఇది నాకు కొత్త కాదు. 2014లో రెండు తెలుగు రాష్ట్రాలూ రైతు రుణమాఫీ ప్రకటించినప్పుడు ఇవే గొంతులు ఇవే మాటలు అన్నాయి, 'మా పన్నులతో' అనే పల్లవితో. 24(బి) కింద తాము దాచుకున్నదీ ఎవరో కట్టిన పన్నే అని వాళ్ళకెప్పుడూ తోచలేదు. ఇక ఎగ్గొట్టడం సంగతి: ఉంటున్న ఇంటిని తాకట్టు పెట్టి, 15 ఏళ్ళు కట్టిన అప్పుని, ఆరు నెలల వాయిదా దొరుకుతుందని ఎగ్గొట్టే మనిషిని నేను ఊహించలేకపోతున్నాను. ఇంటి అప్పు ఎగ్గొట్టి పారిపోవడానికి ఇంటిని సూట్‌కేసులో పెట్టుకోలేం. కోట్ల అప్పు తీసుకుని దేశం దాటినవాళ్ళు ఎవరూ రెండు పడకగదుల ఫ్లాట్ కోసం తీసుకున్నవాళ్ళు కారు.

రెండో దెబ్బ మన సాహిత్య లోకం నుంచి. ఇది నన్ను ఎక్కువ బాధిస్తుంది. మన కథల్లో రైతు అప్పు ఉంది, చేనేత కార్మికుడి అప్పు ఉంది, ఆడపిల్ల పెళ్ళి అప్పు ఉంది. వాటిని రాసినవాళ్ళ చెయ్యి వణికింది, చదివిన మన కళ్ళూ చెమర్చాయి. ఈఎమ్‌ఐ దగ్గరికొచ్చేసరికి, నేను చదివినంతలో, స్వరం మారిపోతుంది. అది అత్యాశకి గుర్తు, ప్రపంచీకరణకి గుర్తు, భార్యాభర్తలు మాట్లాడుకోకపోవడానికి గుర్తు. గుర్తు కాని మామూలు అప్పు కాలేకపోయింది. 'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్న సామెత పుట్టిన భాషలో ఇల్లు కట్టినవాడి కష్టం ఎగతాళి ఎలా అయిందో నాకు అర్థం కాదు.

ఈ ఎగతాళి చేసేవాళ్ళ ఊహలో గృహరుణం అంటే గేటెడ్ కమ్యూనిటీ, ఈతకొలను. తెలంగాణలో బడులు మళ్ళీ మూతపడ్డాక 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు బడుల టీచర్లకి ప్రభుత్వం నెలకి 2,000 రూపాయలూ, 25 కిలోల బియ్యమూ ఇచ్చింది. అది చాలా అవసరమైన సాయం, కాదనను. ఆ క్యూలో నిలబడ్డవాళ్ళలో కూకట్‌పల్లి వెనకో, నిజాంపేట దాటాకో 900 అడుగుల ఫ్లాట్‌కి అప్పు కడుతున్న భార్యాభర్తలు లేరనుకుంటున్నారా? వాళ్ళకి బియ్యం వచ్చాయి. బ్యాంకు వడ్డీ మాత్రం ఆ నెలా ఆగలేదు. దీనికన్నా విచిత్రం 2020 ఏప్రిల్‌లో జరిగింది. ఇంటి యజమానులు మూడు నెలల అద్దె అడగొద్దని, తరవాత వాయిదాల్లో, వడ్డీ లేకుండా తీసుకోవాలని తెలంగాణ ప్రభుత్వం ఆదేశించింది. మంచి ఆదేశం. కానీ పై పోర్షన్ అద్దెతో కింది పోర్షన్ అప్పు కడుతున్న ముసలి దంపతుల్ని ఊహించండి. వాళ్ళకి రావాల్సిన డబ్బు మీద మిత్తి అడగకూడదు. వాళ్ళు కట్టాల్సిన డబ్బు మీద మిత్తికి మిత్తి. ఇంటాయన వడ్డీ వదులుకోగలడని ప్రభుత్వానికి తెలిసింది, బ్యాంకు వదులుకోగలదని తెలియలేదు.

పేదల ఇళ్ళ విషయంలో మాత్రం మాఫీ అనే ఆలోచన ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. 2021 డిసెంబరు 21న తణుకులో ప్రారంభించిన సంపూర్ణ గృహ హక్కు పథకంలో, హౌసింగ్ కార్పొరేషన్ దగ్గర ఎప్పుడో తీసుకున్న ఇంటి అప్పులు వడ్డీతో సహా కొట్టేసి, ఇల్లు రిజిస్టరు చేసి ఇస్తామన్నారు. దానికి పల్లెల్లో 10,000, మున్సిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 20,000 కట్టాలి. ఇష్టమైతేనే కట్టండి అని ప్రభుత్వం, బలవంతంగా కట్టిస్తున్నారని ప్రతిపక్షం. ఆ తగాదాలో పడి మనం పట్టించుకోనిది ఒకటుంది. ఇంటి అప్పుని ప్రభుత్వం కొట్టెయ్యొచ్చు, కొట్టేస్తే ఆకాశం విరిగిపడదు అని ఒక రాష్ట్రం ఒప్పుకుంది. అయితే అది కూడా దశాబ్దాలు ఆలస్యంగా, ఒక ఫీజు పెట్టి, ఒక ముఖ్యమంత్రి పేరు తగిలించి. కష్టం వచ్చిన నెలలో కాదు.

నేను అడిగేది పథకం కాదు, పేరు పెట్టుకోవడానికి వీలయ్యేది అసలే కాదు. సొంతంగా ఉంటున్న ఒక్క ఇంటికి, ఒక పరిమితి లోపు అప్పుకి, ఉద్యోగం పోయినా పెద్ద జబ్బు చేసినా సంపాదించే మనిషి చనిపోయినా, ఆరు నెలల వాయిదాలు అప్పు చివరికి జరగాలి. వాటి మీద వడ్డీ ఉండకూడదు. అలా జరిపినందుకు బ్యాంకు ఆ ఖాతాని మొండిబాకీ అని రాసుకోవాల్సిన పని ఉండకూడదు. ఇది రిజర్వు బ్యాంకు చేతిలో ఉన్న పని. 2020లో ఆరు నెలలపాటు ఈ చివరి నిబంధనని పక్కన పెట్టారు కూడా, బ్యాంకులేం కూలిపోలేదు. బ్యాంకు నష్టపోయే వడ్డీని 24(బి) లాంటి రాయితీల్లో కోత పెట్టి కేంద్రం భర్తీ చెయ్యాలి. నాకూ ఇంటి అప్పు ఉంది, నా 62,400లో కోత పడుతుంది. పడనివ్వండి.

మరి అద్దె ఇంట్లో ఉన్నవాడి సంగతేంటి, ఇల్లే లేనివాడు ముందు కాదా అనే ప్రశ్న మిగిలింది. ముందే. అందులో నాకు వాదన లేదు. అమెరికాలో అదే కాలంలో అద్దెవాళ్ళ సాయానికి రెండు విడతల్లో కేటాయించింది 4,600 కోట్ల డాలర్లకి పైగా, ఇళ్ళున్నవాళ్ళకి పెట్టిన దానికి నాలుగు రెట్ల కన్నా ఎక్కువ. ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గుతుందని అక్కడ ఎవరినీ ఆపలేదు. మన దగ్గర మాత్రం ఈ ప్రశ్న ఎప్పుడూ ఇల్లున్నవాడి నోరు మూయించడానికే వస్తుంది. అద్దెవాడికి ఏమిస్తారో చెప్పడానికి రావడం నేనింతవరకూ చూడలేదు.